మొగలి ఎండాకు మీది బూజు

విశాఖపట్నం వెళ్లి వచ్చానని తెలిశాక మా వీధివాళ్లు నన్ను మూడు ప్రశ్నలు అడిగారు. ఓడ ఎక్కావా, సింహాచలం కొండెక్కావా, సముద్రంలో మునిగావా? ఆ మూడింటిలో ఒక్కటీ చేయలేదు. ఉన్న ఐదు రోజులూ ఎండిన మొగలి ఆకుల కోసం తిరిగాను. ఈ మాట చెబితే కొందరు నవ్వారు, కొందరు నాకేదో అయిందన్నట్టు చూశారు. అలా చూసినవాళ్ల కోసమే జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను అనంతపురంలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతాను. పాఠాలు చెప్పుకుంటూనే పీహెచ్‌డీకి పేరు నమోదు చేయించుకుని నాలుగేళ్లయింది. నా పరిశోధన బూజుల మీద. ఊరగాయ మీద పట్టే బూజు కాదు. చచ్చిన ఆకుల మీద కంటికి కనిపించనంత చిన్నగా పెరిగే రకాలు. అవి ఆకును మెల్లగా తిని మట్టిలో కలుపుతాయి. అవే లేకపోతే రాలిన ఆకు రాలినచోటే గుట్టలు పడుతుంది.

రెండేళ్ల కిందట మా విద్యార్థిని ఒకామె విశాఖ విహారయాత్ర నుంచి మొగలిపువ్వు తెచ్చింది. నలగకుండా దాన్ని ఎండిన మొగలి ఆకులో చుట్టి తెచ్చింది. పువ్వు ఎవరో తల్లో పెట్టుకున్నారు, ఆకు నేను తీసుకున్నాను. తడి అద్దుడు కాగితం మీద మూతపెట్టి ఉంచితే మూడో వారానికి నల్లటి నూగు లేచింది. మైక్రోస్కోపు కింద చూస్తే సన్నటి నల్ల కాడ, దాని కొనన గాజుపూసల్లాంటి సిద్ధబీజాల గుత్తి, ఒక్కో పూసకు మూడేసి కొమ్ములు. నాకు దొరికిన ఏ పుస్తకంలోనూ అలాంటిది లేదు, ఎవరూ పేరు పెట్టని కొత్త రకం కావచ్చు. చేసిన ఒక్క స్లైడు వేసవిలో ఎండి బీటలు వారింది. మిగిలింది నేను గీసుకున్న బొమ్మ.

మా గైడు గారు ఆ బొమ్మను చాలాసేపు చూశారు.

"నువ్వు చూశావనే నమ్ముతాను. కానీ బొమ్మకు పేరు పెట్టరమ్మా. అసలుది తీసుకురా."

ఆ బూజు మీదే నా చివరి అధ్యాయమంతా నిలబడి ఉంది. పువ్వు గాజువాక దాటాక సముద్రం వైపు ఉన్న ఒక ఇసుక ఊళ్లో కోశారని ఆ అమ్మాయి గుర్తు చెప్పింది. ఉక్కు కర్మాగారం కోసం అటువైపు ఊళ్లు ఖాళీ అవుతున్నాయని పేపర్లో చదువుతూనే ఉన్నాం. ఇప్పుడు వెళ్లకపోతే ఇంకెప్పుడూ వెళ్లే పని ఉండదనిపించింది. పోయిన డిసెంబరులో సెలవు పెట్టి బయలుదేరాను.

ఎలమంచిలి దాటాక

కాలేజీవారు డెబ్భై ఆరులో కొన్న చిన్న మైక్రోస్కోపు ఒకటి ఐదారేళ్లుగా బీరువాలోనే ఉంది. బయట తిరిగేటప్పుడు వాడుకునేది. ప్రిన్సిపాలు గారిని బతిమాలి దాన్ని సంచిలో పెట్టుకున్నాను. దారంతా ఒళ్లోనే ఉంచుకుని ఎలమంచిలిలో మాత్రం నీళ్ల కోసమని కిందపెట్టాను. అక్కడే ఎక్కిన ఒకావిడ వంకాయల గంప పై బల్ల మీద పెట్టబోయింది. రైలు కదలగానే గంప జారి సరిగ్గా నా సంచి మీద పడింది.

"సంచిలో గాజుసామానేటమ్మా?" అంది వంకాయలు ఏరుకుంటూ.

విప్పి చూశాను. వెలుతురు పట్టే అద్దం మూడు ముక్కలైంది. గొట్టాన్ని పైకీ కిందికీ జరిపే మర ఊరికే తిరుగుతోంది తప్ప గొట్టం కదలడం లేదు. ఆవిడ నా పక్కనే కూర్చుని దాన్ని చూసింది.

"నా సెయ్యి జారిపోయిందమ్మా. ఇది బాగవ్వదేటి?"

"ఎవరు బాగుచేస్తారో తెలీదు."

"వన్‌టౌన్‌కెల్లండి. పాత పోస్టాఫీసు కాడ ఓడలోల గడియారాలు బాగుసేసే సాయిబులున్నారు. ఆల సేతిలో బాగవ్వనిదేదీ నేదు."

దువ్వాడలో దిగేముందు నా ఒళ్లో నాలుగు జాంకాయలు పెట్టింది. వద్దన్నా వినలేదు. కోపం తెచ్చుకుందామనుకున్నాను గానీ జాంకాయలు బాగున్నాయి.

వన్‌టౌన్

ఊరి పాతభాగాన్ని అక్కడ వన్‌టౌన్ అంటారు. సన్న వీధులు, చేపల వాసన, ఇరానీ టీ వాసన, వీటన్నిటి మీదా పల్చగా ఓడరేవు నుంచి వచ్చే ఎర్రదుమ్ము. ఇళ్ల కిటికీ చువ్వలు, చెట్ల ఆకులు, ఆరేసిన పంచెలు అన్నిటికీ ఒకటే రంగు. హోటల్లో ఇడ్లీ రూపాయికి మూడు ఇచ్చారు. దాంతోపాటు ఇచ్చిన అల్లం పచ్చడి తీయగా ఉంది. మా అనంతపురంలో పచ్చడిలో బెల్లం వేస్తే వంటవాణ్ని నిలదీస్తారు. ఇక్కడ కూరలోనూ బెల్లం ఉంది, పులుసులోనూ ఉంది. రెండో రోజుకు నాకే అలవాటైపోయింది.

పాత పోస్టాఫీసు దగ్గరి ఖాదర్ సాహెబు గారి దుకాణం గుమ్మమంత వెడల్పు. గోడ నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము చూపిస్తోంది. బల్ల మీద ఓడవాళ్ల దుర్బీన్లు విప్పి పరిచి ఉన్నాయి. ఆయనకు అరవై దాటి ఉంటాయి. మైక్రోస్కోపును అటూ ఇటూ తిప్పి చూశారు.

"దుర్బీను దూరంగా ఉన్నదాన్ని సూపిత్తాది. ఇది దేన్ని సూపిత్తాదమ్మా?"

"దగ్గరున్నదాన్ని."

"దగ్గరున్నది కంటికే కనబడతాది గదా?"

ఒక తెల్ల వెంట్రుక, ఒక ఉప్పుగల్లు, ఇలా ఏవేవో ఉదాహరణలు చెప్పాను. బూజు సంగతీ చెప్పాను. శ్రద్ధగా విన్నారు. లోపల పళ్లచక్రం ఒకటి అరిగి విరిగిందని, గోడ గడియారం చక్రం ఒకటి అరగదీసి సరిపెడతానని అన్నారు. అద్దానికి మాత్రం సొరుగులో వెతికి బిళ్లంత అద్దం ఒకటి తీశారు. ఓడల్లో సూర్యుడి ఎత్తు కొలిచే పరికరంలోదట అది.

"రేపు శుక్రారం, దుకాణం ఉండదు. శనారం పొద్దున రండి. బాగైతేనే మజూరీ, నేకపోతే అద్దం డబ్బులే."

ఒక రోజు ఊరికే పోవడం ఇష్టంలేక, మైక్రోస్కోపు లేకుండానే మర్నాడు గాజువాక బస్సెక్కాను.

ఇసుక ఊరు

గాజువాక దాటాక నేల తెరిచిన పుండులా ఎర్రగా ఉంది. లారీలు, నేల చదును చేసే యంత్రాలు, వాటి వెనక తట్టలతో ఆడా మగా కూలీలు. జీడితోటలు కొట్టేసిన మోళ్లు. అవి దాటితే సరుగుడు చెట్లు, తర్వాత ఇసుక. ఊరు అప్పటికే సగం లేదు. జనం వెళ్లిపోతూ తలుపులు, ద్వారబంధాలు, వాసాలు విప్పుకుని పోయారు. మిగిలిన గోడలు తలుపుల్లేకుండా నిలబడి ఉన్నాయి.

చివరి వరసలో ఒక ఇంటికి మాత్రం కప్పు ఉంది, వాకిలి ఊడ్చి ఉంది, చుట్టూ మొగలి కంచె ఉంది. సముద్రం గాలికి ఇసుక ఇంట్లోకి రాకుండా అక్కడ అందరూ మొగలి వేసుకుంటారు. పచ్చటి ఆకుల కింద ఎండాకులు వరసలు వరసలుగా వేలాడుతున్నాయి. నోటుపుస్తకం తీసి పట్టుకుని వాకిట్లోకి నడిచాను.

ఇంటావిడకు యాభై ఉంటాయి. చీర మోకాళ్లదాకా ఎగ్గట్టి తౌడు జల్లిస్తోంది. నా చేతిలో నోటుపుస్తకం చూసి జల్లెడ పక్కన పెట్టింది.

"మళ్లీ కొలతలకొచ్చారేటి?"

"కాదమ్మా. ఎండిన మొగలి ఆకులు కావాలి."

"ఎండాకులక్కూడా నంబర్లేత్తారేటి?"

నేను భూములు కొలిచి చెట్లకు నంబర్లేసే ఆఫీసు మనిషిని కానని, పిల్లలకు పాఠాలు చెప్పుకునేదాన్నని నమ్మించడానికి కొంతసేపు పట్టింది. నమ్మాక చాప వేసింది. ఆవిడ పేరు నూకాలమ్మ. భర్త అప్పన్న. వాళ్ల పొలం కర్మాగారం కింద పోయింది. ఆ పొలంతో కలిపి చదును చేస్తున్న నేల మీదే ఆయన రోజుకూలీకి వెళుతున్నాడు. ఇద్దరు కూతుళ్లకూ పద్మనాభం వైపు పెళ్లిళ్లయ్యాయి. సోమవారం ఇల్లు ఖాళీ చేసి కొత్త కాలనీకి వెళ్లాలి.

"ఇక్కడ మా నూతిలో నీల్లు తియ్యన. అక్కడ కుళాయంట. ఎప్పుడొత్తాదో సూడాల," అంది.

మధ్యాహ్నం చోడి అంబలి, ఉల్లిపాయ, వేయించిన నెత్తళ్లనే చిట్టి చేపలు పెట్టింది. చోళ్లంటే మా రాగులే. మేము సంకటి ముద్ద చేసి చేత్తో తింటాం, వాళ్లు జావ చేసి చెంబుతో తాగుతారు. నెత్తళ్లు నాకు కొత్త. తలతో సహా తినాలని తెలియక ఒక్కో తలా తీసి పక్కన పెడుతుంటే ఆవిడ నా పళ్లెం చివర పేర్చిన తలలను చూసింది.

తిన్నాక కంచె దగ్గరికి వెళ్లాను. మొగలి ఆకుకు రెండంచులా, నడుమ ఈనె కిందా ముళ్లుంటాయి. నాలుగు ఆకులు కోసేసరికి నా చేతులు రక్తమయ్యాయి. నూకాలమ్మ నా చేతిలో కత్తీ, ఆ ఆకులూ తీసేసుకుంది.

"ఇది మీ వల్ల కాదమ్మా. రేపు రండి. నాను కోసి కట్ట కట్టి ఉంచుతాను."

మంచిదన్నాను. నేను చేసిన పొరపాటు అదే. ఎండాకులు కావాలని చెప్పాను గానీ ఎందుకు కావాలో చెప్పలేదు. చెప్పినా అర్థం కాదనుకున్నాను.

కడిగిన ఆకులు

శనివారం పొద్దున ఖాదర్ సాహెబు మైక్రోస్కోపు చేతిలో పెట్టారు. మర వెన్నలా తిరిగింది. ఆయన మజూరీ తీసుకుని, అద్దానికి తీసుకోలేదు.

"ఆ బూజు దొరికితే తెచ్చి సూపించండి. అదే అద్దం ఖరీదు," అన్నారు.

బస్సులు దొరక్క ఊరు చేరేసరికి మధ్యాహ్నం దాటింది. అరుగు మీద పెద్ద కట్ట ఉంది. ఆకులన్నీ ఒకే కొలతకు కోసి, కొసలు కత్తిరించి, కొబ్బరితాడుతో కట్టి ఉన్నాయి. తళతళ మెరుస్తున్నాయి.

"ఇసకున్నాదని నూతికాడ కడిగీసినాను," అంది నూకాలమ్మ. "బూజు కూడా పట్టి ఉంటే పీసెట్టి తోమీసి ఎండలో ఎట్టినాను. లెక్చరరమ్మ గోరికి మాసినాకు ఇత్తామేటి?"

కంచె వైపు చూశాను. పచ్చ ఆకులు తప్ప మరేమీ లేవు. మిగతా ఎండాకులను కోసి సోమవారం దాకా వంటకని పొయ్యి దగ్గర పేర్చింది. ఊరి అవతలి కంచెలను ఆ పొద్దునే దారి వేసే కూలీలు తగలబెట్టారు. అక్కడ బూడిద ఇంకా వెచ్చగా ఉంది.

అరుగు మీదే మైక్రోస్కోపు పెట్టి, వెలుతురు పోయేదాకా ఆ కడిగిన ఆకులను ఒక్కొక్కటే గీరి చూశాను. పొయ్యి దగ్గరి ఆకులూ చూశాను. అవి ఎండకు గలగలలాడేంత ఎండిపోయినవి. ఇసుకరేణువులు కనిపించాయి, మామూలు నల్ల బూజు కనిపించింది. నాది కనిపించలేదు.

"ఏటయిందమ్మా? ఆకులు సాలవా?" అని అడిగింది నూకాలమ్మ.

అబద్ధం చెబుదామనుకున్నాను. అలసిపోయి ఉన్నానేమో, నిజమే చెప్పాను. నాకు కావలసింది ఆకు కాదని, ఆకు మీది బూజని, తోమితే పోయిందని. ఆవిడ ముఖం చిన్నబోయింది. కాసేపు కట్టకు కట్టిన తాడు విప్పుతూ కూర్చుంది. తర్వాత ఆవిడకు కోపం వచ్చింది.

"ఆ మాట ముందే సెప్పొద్దేటమ్మా? బూజు కావాలంటే బూజాకే ఇద్దును గదా. మంచాకులు ఏరి ఏరి కోసినాను."

నేను ఒప్పుకున్నాను. ఎలాంటి బూజని అడిగింది. తోచినట్టు చెప్పాను. నేల మీద రాలినది కాదు, చెట్టునే వేలాడుతూ ఉండాలి. ఎండ తగలకూడదు. ఎప్పుడూ కాస్త చెమ్మ ఉండాలి. నల్లగా, ముట్టుకుంటే సన్నగా నూగు అంటుకోవాలి.

"పొయ్యిలో ఎడితే అంటుకోదు, ఒట్టి పొగొత్తాది. అదేనా?"

బూజుపట్టిన ఆకు ఎలా కాలుతుందో ఏ పుస్తకంలోనూ లేదు. అయినా చెమ్మ ఉన్న ఆకు అంతే కదా. అదేనన్నాను.

"అయితే గెడ్డకాడుంది. పొద్దుపోయింది, ఇప్పుడెల్తే పాములు. రేపు పొద్దున రండి."

గెడ్డ ఒడ్డు

వాగును అక్కడ గెడ్డ అంటారు. ఊరికి ఉత్తరాన ఇసుకదిబ్బ వెనక సన్నగా పారి సముద్రంలో కలుస్తుంది. ఆదివారం కూలిపని లేదు కాబట్టి అప్పన్న కూడా వచ్చాడు. చేతికర్రతో ముందు నడుస్తూ పొదలు కొడుతున్నాడు.

"లెక్చరరమ్మకి దీనికి జీతమిత్తారేటి?" అని భార్యను అడిగాడు.

"నీకు మట్టి తవ్వడానికిత్తన్నారు గదా. ఆవిడకి బూజు సూడ్డానికిత్తారు," అంది ఆవిడ.

దిబ్బ నీడలో ఒకే ఒక్క మొగలి పొద. దాని ఎండాకులు ఎన్నో ఏళ్లవి, ఒకదాని మీద ఒకటి పాత చీరల్లా వేలాడుతున్నాయి. వంటచెరకుకు పనికిరాదని నూకాలమ్మ దాన్ని ఎప్పుడూ ముట్టలేదు. పెళ్లయి వచ్చినప్పటి నుంచీ అక్కడ ఏ ఆకు మండుతుందో, ఏది మండదో ఆవిడకు తెలుసు. కొడవలితో లోపలి వరస ఆకులు కోసి, ముళ్లు చెక్కి ఇచ్చింది. ఈసారి దులపను కూడా దులపలేదు. రెండు వేళ్లతో పట్టుకుని, పచ్చి గుడ్డును అందించినట్టు అందించింది.

రాయి మీద మైక్రోస్కోపు పెట్టి ఓడ అద్దాన్ని సూర్యుడి వైపు తిప్పాను. మొదటి ఆకులో లేదు. రెండు, మూడు, నాలుగు ఆకుల్లోనూ లేదు. అప్పన్న బీడీ వెలిగించుకుని అవతలికి వెళ్లి కూర్చున్నాడు. ఏడో ఆకు అడుగువైపు, ఈనె పక్కన, సూది మొనతో గీరి నీటిచుక్కలో వేశాను. మర తిప్పుతుంటే ముందు మసకగా ఒక నల్లగీత కనిపించింది. ఇంకాస్త తిప్పాను. కాడ. దాని కొనన గుత్తి. ఒక్కో పూసకు మూడు కొమ్ములు.

రెండేళ్లుగా అది నా కంటి పొరపాటేమో అన్న భయం నాలోనూ ఉంది. గైడు గారికి ఎప్పుడూ చెప్పలేదు. చూస్తూ ఉంటే కన్ను చెమర్చి అంతా అలికినట్టయింది. తుడుచుకుని మళ్లీ చూశాను. అక్కడే ఉంది.

నూకాలమ్మను రమ్మన్నాను. రెండు కళ్లూ మూసి, తర్వాత రెండూ తెరిచి, చివరికి ఒక కన్ను అరచేత్తో మూసుకుని చూసింది. చాలాసేపు కదల్లేదు.

"కొమ్ములున్నాయి," అంది.

"మూడేసి."

"ఇది మందుకి పనికొత్తాదా?"

"తెలీదు."

"ఇసమా?"

"అదీ తెలీదు. ఇప్పటిదాకా ఎవరూ చూసినట్టు లేదు."

"మరి మనిద్దరం సూసినాం గదా," అని భర్తను కేకేసింది. "ఓయ్, నువ్వు కూడా రా. ముగ్గురవుతాం."

ట్రాక్టరు

సోమవారం రైలు సాయంత్రానికి. పొద్దున్నే వాళ్ల ఊరు వెళ్లాను. చెప్పి రావాలనిపించింది. ఇంటి ముందు ట్రాక్టరు నిలబడి ఉంది. కప్పు అప్పటికే విప్పేశారు. వాసాలు, ద్వారబంధం, కుండలు, తౌడు జల్లెడ, రోలు ఎక్కించారు. రోలును ఎత్తడానికి నలుగురు పట్టారు. ఐదో చెయ్యి నాది, పెద్దగా ఉపయోగపడలేదు.

ఇల్లు విప్పుతున్నంతసేపూ ఏడవని నూకాలమ్మ, ట్రాక్టరు ఎక్కబోతూ వెనక్కి వెళ్లి నూతి దగ్గర కూర్చుంది. అప్పన్న పిలవలేదు, డ్రైవరును హారన్ కొట్టనివ్వలేదు. కాసేపటికి ఆవిడే లేచి, ఒక చేద నీళ్లు తోడి మా అందరికీ తాగడానికిచ్చింది. నీళ్లు నిజంగానే తియ్యగా ఉన్నాయి.

నోటుపుస్తకం తీసి ఆవిడ ఇంటిపేరు అడిగాను.

"నా పేరెందుకమ్మా? కాయితాలన్నిట్లో ఆయన పేరే రాసుకున్నారు."

"ఈ కాగితంలో ఆయన పేరు పనికిరాదు. ఆకు చూపించింది మీరు."

"పైలా," అంది. "పైలా నూకాలమ్మ." నేను రాసేదాకా చూసి, చదవడం రాకపోయినా అక్షరాలను ఒకసారి వేలితో తడిమి ట్రాక్టరెక్కింది.

స్టేషనుకు వెళ్లే దారిలో ఖాదర్ సాహెబు దుకాణం దగ్గర దిగాను. దుర్బీన్లు పక్కకు జరిపి బల్ల మీద చోటు చేశారు. ఆయన కన్ను అలవాటుపడినది, వెంటనే దొరికించుకుంది. తల ఎత్తకుండానే అన్నారు. "ఎంత సన్నం పనమ్మా. ఇంత కాడ మీద అంత బరువు ఎలగ నిలబెట్టినాడో ఆ పైవాడు."

తిరిగి వచ్చాక

తెచ్చిన ఆకుల నుంచి పద్నాలుగు ముక్కలు కోసి గాజుపళ్లేల్లో పెంచడానికి పెట్టాను. పదమూడింటిని మామూలు పచ్చ బూజు ఆక్రమించింది. ఒక్కదాంట్లో మాత్రం పదకొండో రోజున నల్లటి నూగు లేచింది. అందులోంచి సూదిమొనతో తీసి మళ్లీ నాటాను. అదీ పెరిగింది. ఎండిన ఆకులను మందపాటి కాగితపు పొట్లంలో పెట్టి, పైన చీటీ అంటించి, స్లైడుతో సహా గైడు గారి దగ్గరికి తీసుకెళ్లాను.

ఆయన స్లైడు చూశారు. అద్దాలు తుడుచుకుని ఇంకోసారి చూశారు. "రాయమ్మా," అన్నారు. ఆయన నోట ఆ ఒక్క మాట కోసం నాలుగేళ్లు పనిచేశాను కాబట్టి, ఇంకేమైనా అంటారేమోనని ఎదురుచూడలేదు.

తర్వాత పొట్లం చేతిలోకి తీసుకుని చీటీ చదివారు. మొక్క పేరు, చోటు, తేదీ, ఆ కింద సేకరించినవారి పేర్లు. అందులో మొదటి పేరు నాది కాదు.

"ఈ నూకాలమ్మ ఎవరు? వాల్తేరు యూనివర్సిటీలో రీసెర్చి చేస్తోందా?"

"కాదు సార్. ఆవిడ చదువుకోలేదు. ఆ ఊళ్లో కాపురం ఉండేది. నేను అడిగిన చోట బూజు లేదు, ఆవిడ చెప్పిన చోట ఉంది."

ఆయన పొట్లాన్ని ఇంకా చేతిలోనే ఉంచుకున్నారు. ఆ పేరు తీసేయమంటారని భయపడి, ఏం జవాబు చెప్పాలో మనసులో వెతుక్కుంటున్నాను. ఆయన జేబులోంచి కలం తీసి నా ముందు పెట్టారు.

"ఇంటిపేరుకు పొడి అక్షరం పెట్టావు. పూర్తిగా రాయి. రేపు ఎవరైనా ఈ పొట్లం విప్పితే మనిషెవరో తెలియాలి కదా."

అక్కడే నిలబడి, పొడి అక్షరం కొట్టేసి, పైలా అని పూర్తిగా రాశాను.